ఈఎస్‌సీ: కారు జారేటప్పుడు లోపల ఏం జరుగుతుంది, లైటు ఆరకపోతే ఏం చూడాలి

మలుపులో కారు తిరగాలంటే టైర్లకు రోడ్డు మీద పట్టుండాలి. ఆ పట్టు అయిపోయాక స్టీరింగు ఎంత తిప్పినా బండి మాట వినదు. అలాంటప్పుడు నాలుగు చక్రాల్లో దేనికింకా పట్టు మిగిలుందో చూసి, ఆ ఒక్కదానికే బ్రేకు వేసి, డ్రైవరు చూపిన దారికి బండిని మళ్ళించడమే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ పని. క్లుప్తంగా ఈఎస్‌సీ అంటారు. డ్రైవరు కాలికింద ఉన్నది ఒకే బ్రేకు పెడలు. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా నాలుగు చక్రాలకు విడివిడిగా బ్రేకు వేయలేరు కాబట్టి, దీన్ని వద్దనుకోవడానికి నేర్పు ఒక కారణం కాదు.

బాష్ సంస్థలో ఆంటన్ వాన్ జాంటెన్ నాయకత్వంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి ఈఎస్‌పీ అనే పేరుతో 1995లో మెర్సిడెస్-బెంజ్ ఎస్ క్లాస్‌లో వచ్చింది. 1997లో స్వీడన్‌లో ఒక పత్రిక చేసిన పరీక్షలో, దుప్పి అడ్డొస్తే తప్పించుకున్నట్టు స్టీరింగు అటూ ఇటూ కొట్టేసరికి కొత్త మెర్సిడెస్ ఎ క్లాస్ బోల్తా పడింది. ఆ దెబ్బతో ఆ చిన్న కారుకూ ఈఎస్‌పీ తప్పనిసరిగా ఇవ్వాల్సి వచ్చింది. అమెరికాలో 2012 మోడళ్ళ నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది ఉండాల్సిందే. పేరు మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. బీఎండబ్ల్యూలో డీఎస్‌సీ, టొయోటాలో వీఎస్‌సీ, హోండాలో వీఎస్‌ఏ, నిస్సాన్‌లో వీడీసీ అంటారు. లోపలి పద్ధతి అన్నిటిలోనూ ఒకటే.

కంప్యూటరు వేసే లెక్క

డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నారు, బండి నిజానికి ఎటు పోతోంది? ఈ రెండు ప్రశ్నలకు ఈఎస్‌సీ సెకనుకు ఎన్నోసార్లు జవాబు తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా హద్దు దాటితే రంగంలోకి దిగుతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు స్టీరింగు కోణం, బండి వేగం నుంచి వస్తుంది. ఒక ఉదాహరణ చూద్దాం. వేగం గంటకు 72 కి.మీ., అంటే సెకనుకు 20 మీటర్లు. స్టీరింగును 45 డిగ్రీలు తిప్పారు. స్టీరింగు నిష్పత్తి 15 అయితే ముందు చక్రాలు 3 డిగ్రీలు తిరుగుతాయి. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లున్న మామూలు కారు, సస్పెన్షన్ స్వభావాన్ని కూడా లెక్కలో వేసుకుంటే, సెకనుకు సుమారు 14 డిగ్రీల చొప్పున తన చుట్టూ తాను తిరగాలి. దీన్నే యా రేటు అంటారు. ఆ తిరుగుడుకు పక్కకు కావలసిన బలం గురుత్వాకర్షణలో దాదాపు సగం. పొడి రోడ్డు మీద టైరు దాన్ని సులువుగా భరిస్తుంది.

రెండో ప్రశ్నకు జవాబిచ్చేది యా రేట్ సెన్సర్. సాధారణంగా ఇది గేరు లివరు కింద, బండి మధ్యభాగంలో ఉంటుంది. కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరులోనో, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోనో కలిపేస్తారు. లోపల సన్నని సిలికాన్ ముక్క ఒకటి ఎప్పుడూ కంపిస్తుంటుంది. బండి తిరిగితే ఆ కంపనం పక్కకు మళ్ళుతుంది, ఎంత మళ్ళిందన్నదే కొలత. పై ఉదాహరణలో 14 రావలసిన చోట 6 వస్తే బండి ముక్కు బయటికి తోసుకుపోతోందన్నమాట, అది అండర్‌స్టీర్. 20 వస్తే తోక బయటికి విసురుతోంది, అది ఓవర్‌స్టీర్.

ఇక్కడ ఒక చిక్కుంది. రోడ్డు తడిగా ఉండి పట్టు బండి బరువులో 0.4 వంతుకు పడిపోతే, అదే వేగంలో ఏ టైరూ సెకనుకు 11 డిగ్రీలకు మించి బండిని నిలకడగా తిప్పలేదు. కంప్యూటరు మాత్రం 14 కావాలని పట్టుబడితే బండిని తిప్పితిప్పి తోకను వదిలేయించేస్తుంది. అందుకే పక్కకు పడే తోపును కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది. దాన్నిబట్టి రోడ్డు ఇవ్వగలిగిన పట్టును అంచనా వేసి, కంప్యూటరు తన లక్ష్యాన్ని తగ్గించుకుంటుంది.

బండి ముక్కు చూస్తున్న దిక్కుకూ, బండి నిజంగా కదులుతున్న దిక్కుకూ మధ్య ఉన్న కోణాన్ని కూడా అది గమనిస్తుంది. దీనికి విడిగా సెన్సర్ లేదు, మిగతా కొలతల నుంచి లెక్కగడుతుంది. పొడి తారు మీద ఈ కోణం 12 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి, మంచు గడ్డ మీదైతే 2 డిగ్రీలకే, స్టీరింగు తిప్పి బండిని సరిచేసే అవకాశం దాదాపు పోతుంది. జారినట్టు డ్రైవరుకు తెలిసేలోపే ఈఎస్‌సీ ఎందుకు పని మొదలుపెడుతుందో ఈ 2 డిగ్రీల అంకె చెబుతుంది.

ఏ చక్రానికి బ్రేకు పడుతుంది, ఎందుకు

ఎడమ మలుపు అనుకోండి. ముక్కు బయటికి పోతుంటే, అంటే అండర్‌స్టీర్‌లో, లోపలివైపు వెనక చక్రానికి, ఇక్కడ ఎడమ వెనక చక్రానికి, ప్రధానంగా బ్రేకు పడుతుంది. ఆ పక్క వెనక్కి లాగినట్టయి బండి ఎడమకు తిరుగుతుంది. లోపలివైపు ముందు చక్రాన్ని పట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ ముందు టైర్లు అప్పటికే పట్టు చివరికొచ్చాయి. వాటికి బ్రేకు పని కూడా అప్పగిస్తే తిరగడానికి ఉన్న కాస్త పట్టూ పోతుంది. ఏ టైరుకైనా పట్టు ఒక్కటే మూట, బ్రేకుకు ఎంత ఖర్చయితే మలుపుకు అంత తగ్గుతుంది.

తోక విసిరితే, అంటే ఓవర్‌స్టీర్‌లో, బయటివైపు ముందు చక్రం, ఇక్కడ కుడి ముందు చక్రం. దీనికి రెండు లాభాలున్నాయి. మలుపులో బరువంతా బయటికి, ముందుకు ఒరుగుతుంది కాబట్టి అన్నిటికన్నా గట్టిగా బ్రేకు పట్టగలిగేది ఆ చక్రమే. 3000 న్యూటన్ల బ్రేకు బలం, బండి మధ్యగీత నుంచి 0.75 మీటర్ల దూరంలో పనిచేస్తే, తోక విసురుకు ఎదురుగా 2250 న్యూటన్ మీటర్ల తిప్పుడు పుడుతుంది. పైగా ఆ టైరు పట్టు బ్రేకులో ఖర్చవడంతో, ముక్కును లోపలికి లాగుతున్న బలం కూడా తగ్గుతుంది. రెండూ కలిసి బండిని దారికి తెస్తాయి.

అదే సమయంలో బండిలోని కంప్యూటర్లను కలిపే క్యాన్ వైర్ల మీదుగా ఇంజిన్ కంప్యూటరుకు కబురు వెళ్తుంది, టార్క్ (తిప్పే బలం) తగ్గించమని. యాక్సిలరేటర్ తొక్కినా ఇంజిన్ స్పందించనట్టు అనిపించేది అప్పుడే.

పెడలు తొక్కకుండా బ్రేకు ఎలా పడుతుంది

ఉత్త ఏబీఎస్ యూనిట్‌లో 8 వాల్వులుంటాయి, చక్రానికి రెండేసి. ఒకటి ఆయిల్‌ను లోపలికి వదిలేది, రెండోది బయటికి తీసేది. ఈఎస్‌సీ కోసం ఇంకో నాలుగు చేరి 12 అవుతాయి. ఒక్కో బ్రేకు సర్క్యూట్‌కు ఒక మళ్ళింపు వాల్వు, ఒక పీల్పు వాల్వు అన్నమాట.

పై ఉదాహరణలో కుడి ముందు చక్రాన్ని పట్టుకోవాలంటే వరుస ఇలా సాగుతుంది. మళ్ళింపు వాల్వు మూసుకుని, పెడలు తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి ఆ సర్క్యూట్‌ను విడదీస్తుంది. పీల్పు వాల్వు తెరుచుకుంటుంది. మోటారు తిరిగి పంపు మాస్టర్ సిలిండర్ మీదుగా రిజర్వాయర్‌లోని ఆయిల్‌ను పీల్చి ఒత్తిడి పెంచుతుంది. ఐమూలగా కలిపిన సర్క్యూట్లలో కుడి ముందు చక్రానికి జత ఎడమ వెనకది. దానికి ఆయిల్‌ను లోపలికి వదిలే వాల్వు మూసుకుంటుంది కాబట్టి ఒత్తిడంతా కుడి ముందు చక్రానికే చేరుతుంది. ఆ సమయంలో బానెట్ కింద గరగరమని వినిపించేది ఈ పంపే. పెడలు కింద అదురు కూడా రావచ్చు. అది పాడైన శబ్దం కాదు.

బ్రేకు ఆయిల్ సంగతి ఇక్కడే గట్టిగా చెప్పాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పంపు సన్నని దారుల్లోంచి ఆయిల్‌ను లాగాలి, అదీ సెకనులో చిన్న భాగంలో. చిక్కని ఆయిల్ అయితే చలిలో ఒత్తిడి ఆలస్యంగా పుడుతుంది. మామూలు డాట్ 4 ఆయిల్‌కు మైనస్ 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 1800 సెంటీస్టోక్స్ వరకు ఉండొచ్చు. ఈఎస్‌సీ కోసం చేసిన పలుచటి రకానికి, అంటే ఐఎస్‌ఓ 4925 క్లాస్ 6కు, హద్దు 750. బండి పుస్తకంలో పలుచటి రకమని ఉంటే అదే పోయాలి. మార్చే గడువు ఎక్కువ కార్లకు రెండేళ్ళు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మరిగే స్థాయి పడిపోతుంది, వాల్వు భాగాలకు తుప్పు పడుతుంది. ఈ వాల్వులున్న యూనిట్ మార్పిడి ఖర్చుతో పోలిస్తే సీసా ఆయిల్ ఖర్చు లెక్కలోకి రాదు.

ఏది దీని చేతిలో లేదు

ఈఎస్‌సీ పట్టును పుట్టించదు, ఉన్నదాన్ని పంచుతుంది. 50 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపును 60 కి.మీ. వేగంతో తీసుకుంటే పక్కకు కావలసిన బలం 0.57 జీ (ఒక జీ అంటే బండి బరువంత బలం). 80 కి.మీ. అయితే 1.0 జీ. మామూలు రోడ్డు టైరు పొడి తారు మీద ఇచ్చేది 0.8, 0.9 దాకానే. 80తో దూసుకొస్తే ఏ కంప్యూటరూ ఆ మలుపులో బండిని నిలపలేదు. కాస్త వేగం తగ్గించి, బండి అడ్డంగా తిరగకుండా ముందుకే చూస్తూ పోయేలా మాత్రం చేయగలదు. నిలిచిన నీటి మీద టైరు తేలిపోయినా, అరిగిన టైర్లున్నా ఇంతే.

నడిపేటప్పుడు

జారిన క్షణంలో చూపు మీరు వెళ్ళాల్సిన చోటే ఉండాలి, అడ్డొచ్చిన చెట్టు మీద కాదు. స్టీరింగును ఆ చోటికే తిప్పండి. మీ మనసులోని దారి ఈఎస్‌సీకి తెలిసేది స్టీరింగు కోణం ద్వారానే. భయంతో చేతులు వదిలేసినా, అటూ ఇటూ విదిలించినా దానికి తప్పుడు దారి చెప్పినట్టే. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. ఆగాల్సి వస్తే బ్రేకు గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. పెడలు అదిరినా వదలొద్దు, పదేపదే తొక్కి వదలొద్దు.

డాష్‌బోర్డు మీద జారుడు గీతలతో ఉన్న పసుపు కారు బొమ్మ మిణుకుమిణుకుమంటే ఈఎస్‌సీ పనిచేస్తోందని అర్థం. రోజూ వెళ్ళే మలుపులో పదేపదే మెరుస్తుంటే వేగం ఎక్కువవుతోంది, లేదా టైర్లు అయిపోయాయి. ఆగకుండా వెలిగే ఉంటే లోపం. ఆఫ్ అన్న అక్షరాలతో వెలిగితే ఎవరో బటన్ నొక్కారు. కీ తిప్పగానే ఈ బొమ్మ కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే అదీ అనుమానించాల్సిందే. పాత బండి కొనేటప్పుడు తప్పక చూడండి, లోపాన్ని దాచడానికి లైటును తీసేసి ఉండొచ్చు.

ఆఫ్ బటన్ అవసరమయ్యేది తక్కువ సందర్భాల్లోనే. బురదలో, ఇసుకలో, లోతైన మంచులో ఇరుక్కుంటే బయటపడటానికి చక్రం కాస్త తిరగాలి, ఈఎస్‌సీ ఇంజిన్‌ను అణిచేస్తే తిరగదు. మంచులో పట్టు కోసం టైర్లకు గొలుసులు తొడిగినప్పుడూ అంతే. చాలా కార్లలో ఒకసారి నొక్కితే, చక్రం ఊరికే గిర్రున తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఈఎస్‌సీ కూడా ఆగుతుంది. బయటపడగానే మళ్ళీ ఆన్ చేయండి. ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే దానంతటదే ఆన్ అవుతుంది.

లైటు ఆరకపోతే

పసుపు లైటుతో పాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే ఇంకేమీ చూడకుండా సురక్షితమైన చోట ఆపి, బ్రేకు ఆయిల్ మట్టం చూడండి. పసుపుది ఒక్కటే అయితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. ఏబీఎస్ లైటు కూడా వెలిగితే గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోవచ్చు. నెమ్మదిగా నడుపుతూ ఈ వరుసలో వెతకండి. చవకైనవి, సులువైనవి ముందు పెట్టాం.

1. బ్యాటరీ. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర, నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. పంపు మోటారు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, వోల్టేజి పడిపోతే కంప్యూటరు ఈఎస్‌సీని మానేస్తుంది. ఈమధ్యే బ్యాటరీ విప్పి ఉంటే, చాలా కార్లలో స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, కొంతదూరం తిన్నగా నడిపితే లైటు ఆరుతుంది.

2. టైర్లు. నాలుగూ ఒకే సైజా, గాలి సరిగ్గా ఉందా, అరుగుదల దగ్గరదగ్గరగా ఉందా? ఒక టైరు గాడి లోతు 7 మి.మీ., ఇంకోదానిది 2 మి.మీ. అయితే వ్యాసంలో 10 మి.మీ. తేడా. 630 మి.మీ. టైరుకు అది ఒకటిన్నర శాతానికి పైనే. చిన్న తేడాలను కంప్యూటరు సర్దుకుంటుంది, పెద్దవైతే తిన్నటి రోడ్డునూ మలుపనుకుంటుంది.

3. బ్రేకు లైటు స్విచ్. పెడలు తొక్కినప్పుడు వెనక లైట్లు వెలగాలి, వదలగానే ఆరాలి. ఈ చిన్న స్విచ్ పాడైతే కాలు బ్రేకు మీద ఉందో లేదో కంప్యూటరుకు తెలియక ఈఎస్‌సీ లైటు వెలుగుతుంది.

4. స్కానర్, అంటే కంప్యూటరు రాసిపెట్టుకున్న లోపం కోడ్లను చదివే పరికరం. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివేది సరిపోదు, ఏబీఎస్ కంప్యూటరుతో మాట్లాడేది కావాలి. యూ0121 అంటే ఏబీఎస్ యూనిట్‌తో సంబంధం తెగింది, యూ0126 అంటే స్టీరింగు కోణం సెన్సర్‌తో తెగింది. ఇలాంటివి కనిపిస్తే సెన్సర్ కొనేముందు ఫ్యూజులు, ఎర్త్, కనెక్టర్ చూడాలి. కోడ్‌ను చెరిపేసి చేతులు దులుపుకోకండి, ముందు రాసిపెట్టుకోండి.

కోడ్ల కన్నా లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు పంపే అంకెలు) ఎక్కువ చెబుతుంది. చదునైన నేల మీద బండి ఆపి, చక్రాలు తిన్నగా పెట్టి చూడండి. స్టీరింగు కోణం సున్నాకు ఒకటి రెండు డిగ్రీల్లో ఉండాలి. యా రేటు, పక్కతోపు, బ్రేకు ఒత్తిడి దాదాపు సున్నా ఉండాలి. తర్వాత పక్కన ఇంకొకరు స్క్రీన్ చూస్తుండగా తిన్నటి దారిలో 20, 30 కి.మీ. వేగంతో నడపండి. ప్రతి చక్రం దగ్గరా దాని వేగాన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది, ఆ నాలుగు వేగాలూ కలిసి నడవాలి. బండి ఆగబోతుండగా ఒక చక్రం మిగతావాటికన్నా ముందే సున్నాకు పడిపోతే దొంగ దొరికినట్టే. మెల్లగా ఆపుతున్నప్పుడు, చివరి 5, 10 కి.మీ. వేగంలో ఏబీఎస్ ఊరికే గడగడలాడే బళ్ళలో జరిగేది ఇదే.

ఆ చక్రం దగ్గర మొదట వైరు చూడండి. సస్పెన్షన్‌తో పాటు వంగే చోట పైతొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగి ఉంటుంది, స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పితే లాగుడు తెలుస్తుంది. తర్వాత సెన్సర్ కూర్చునే చోటు. అక్కడ తుప్పు పేరుకుంటే సెన్సర్‌ను పైకి ఎత్తేస్తుంది. సెన్సర్‌కూ, చక్రంతో పాటు తిరిగే రింగుకూ మధ్య ఖాళీ మామూలుగా ఒక మి.మీ. అటూ ఇటూ ఉంటుంది, కొంచెం పెరిగినా సిగ్నల్ పలచబడుతుంది. సెన్సర్‌ను సుత్తితో కొట్టి తీస్తే అది ముక్కలవుతుంది. తుప్పు వదిలించే నూనె వేసి కాసేపాగి, తిప్పుతూ తీయండి. పళ్ళ రింగయితే పగులు చూడండి, పగిలితే చక్రం ఒక్కో చుట్టుకు ఒక్కోసారి అంకె ఎగురుతుంది.

పాత రకం చుట్ట సెన్సర్‌ను ఓమ్ మీటరుతో కొలవచ్చు, ఎక్కువగా ఒకటి రెండు కిలో ఓమ్‌లు చూపిస్తుంది. కొత్త రకం సెన్సర్‌లో ఎలక్ట్రానిక్స్ ఉంటాయి. అది 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య కరెంటును మారుస్తూ సిగ్నల్ పంపుతుంది. దానికి ఓమ్ మీటరు పెడితే ఏమీ తెలియదు, కొన్నిసార్లు పాడవుతుంది కూడా.

వీల్ బేరింగ్ మార్చిన వెంటనే లైటు వచ్చిందా? చాలా బేరింగ్‌లలో ఒక పక్క సీలులోనే అయస్కాంత పట్టీ ఉంటుంది. ఆ పక్క సెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే సిగ్నలే రాదు, మళ్ళీ కొత్త బేరింగ్ వేయాల్సిందే. బిగించే ముందు ఆ పక్కను అయస్కాంతానికి, ఇనుప రజనుకు దూరంగా ఉంచాలి.

వీల్ అలైన్‌మెంట్, స్టీరింగు పెట్టె పని, స్టీరింగు చక్రం విప్పడం, వీటిలో ఏది జరిగినా కోణం సెన్సర్‌కు కొత్త సున్నా చెప్పాలి. అలైన్‌మెంట్‌లో స్టీరింగు ఐదు డిగ్రీలు పక్కకు ఉండిపోతే, తిన్నగా పోతున్నా డ్రైవరు మలుపు తిప్పుతున్నారనే కంప్యూటరు అనుకుంటుంది. నేర్చుకునే పద్ధతున్న కార్లు నడుస్తుండగా సర్దుకుంటాయి, మిగతావాటికి స్కానర్‌తో చేయాలి. అలైన్‌మెంట్ బిల్లు కట్టే ముందు ఇది చేశారా అని అడగండి.

యా రేట్ సెన్సర్ చాలా అరుదుగా పాడవుతుంది. దాని బ్రాకెట్ వదులవడం, లేదా సీట్లు, కన్సోల్ విప్పి బిగించినప్పుడు తిరగేసి పెట్టడం మాత్రం ఎక్కువ. పెట్టె మీద బాణం గుర్తుంటే అది చూపాల్సిన దిక్కు మీ బండి రిపేరు పుస్తకంలో ఉంటుంది, దాన్ని తప్పకూడదు. బోల్టును చెప్పిన టార్క్‌కే బిగించాలి, వదులుగా ఉంటే రోడ్డు అదురును కూడా బండి తిరుగుడుగా చదువుతుంది.

హైడ్రాలిక్ యూనిట్ (పంపు, వాల్వులుండే పెట్టె) మార్చినా, రిజర్వాయర్ పూర్తిగా ఖాళీ అయినా, మామూలుగా పెడలు తొక్కి గాలి తీస్తే సరిపోదు. పంపు, పీల్పు వాల్వుల వెనక గాలి చిక్కుకుని ఉంటుంది. పెడలు గట్టిగానే ఉన్నట్టు తోస్తుంది, తీరా ఈఎస్‌సీ పనిచేయాల్సిన రోజున ఆ గాలి బుడగ సర్క్యూట్‌లోకి వచ్చి పెడలు మెత్తబడిపోతుంది. స్కానర్‌లోని బ్లీడింగ్ కార్యక్రమంతో వాల్వులను తెరిపిస్తూ, పంపును నడిపిస్తూ గాలి తీయాలి. ఆ తర్వాత నాలుగు చక్రాల దగ్గరా ఇంకోసారి మామూలు పద్ధతిలో తీసి, ఆయిల్ మట్టం గరిష్ఠ గీత దగ్గరికి తెచ్చాకే బండిని రోడ్డెక్కించండి.